స్ట్రాంగ్ రూము

ఒకప్పుడు ఆ ఊళ్ళో ఆడవాళ్ళ మెడలు చూసి ఏ నెలో చెప్పగలిగేవాళ్ళు. మిరపనారు పోసే రోజుల్లో పసుపుతాడూ నల్లపూసలూ తప్ప మరేమీ కనపడేవి కావు. కాయ గుంటూరు యార్డుకి పోయి, డబ్బు చేతికొచ్చి, ఎండాకాలం పెళ్ళిళ్ళు మొదలయ్యేనాటికి నానుతాళ్ళూ చంద్రహారాలూ బయటికొచ్చేవి. ఈ రెంటికీ మధ్యకాలమంతా ఊరి బంగారం వెంకటరావమ్మ ఇంట్లోనే ఉండేది. ఆమె పెట్టెలో కాదు, ఆ ఇంటి ముందు గదుల్లో అద్దెకున్న బ్యాంకులో, తాకట్టు కింద.

పర్చూరుకీ మార్టూరుకీ నడుమ, హైవే నుంచి బాగా లోపలికి ఉన్న ఊరు అది. బ్యాంకులు ప్రభుత్వానివైన కొత్తల్లో, మాకూ ఒక బ్యాంకు కావాలని వెంకటరావమ్మ మామగారు వెంకయ్య ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి సాధించుకొచ్చాడు. ఇల్లు చూపించమంటే తన ఇంట్లోనే ముందు గదులు మూడూ ఇచ్చేశాడు. అందులో ఒకదానికి కిటికీ పూడ్పించి, గోడలు రెండింతలు మందం చేయించి, లోపల ఇనపచువ్వలు అల్లించి స్ట్రాంగ్ రూము చేయించాడు. అప్పటినుంచీ అది 'బ్యాంకిల్లు' అయింది. వెంకయ్య పోయాక ఆ పెద్దరికం కొడుకు, వెంకటరావమ్మ భర్త యలమందయ్యకు వచ్చింది. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని అరుగుమీద కూర్చునేవాడు. అప్పుకోసం వచ్చినవాళ్ళు ముందు అతనికి నమస్కారం పెట్టి, తర్వాత లోపలికి పోయేవాళ్ళు. అతను చెప్పినందువల్ల ఎవరికీ అప్పు పుట్టలేదు, చెప్పకపోయినందువల్ల ఎవరికీ ఆగలేదు. అయినా నమస్కారం మాత్రం ఆగలేదు.

వెంకటరావమ్మకు కాపురానికి వచ్చినప్పటినుంచీ స్ట్రాంగ్ రూము ఇనపతలుపు చప్పుడే గడియారం. అది ధడేలుమంటే పొయ్యిమీద ఎసరు పెట్టేది. మధ్యాహ్నం నడవ తలుపు తీసి ఇత్తడి చెంబుతో మజ్జిగ అందించేది. ఉప్పు, అల్లం, కరివేపాకు దంచి వేసిన చిక్కటి మజ్జిగ. ఎంతమంది మేనేజర్లు మారినా ఆ చెంబు మారలేదు.

ఆఖరి మేనేజరు విశ్వనాథం. గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. తొంభైతొమ్మిదిలో ఒకరోజు మజ్జిగ తాగి, చెంబు తనే తెచ్చి నడవలో పెట్టి నిలబడ్డాడు.

"యలమందయ్యగారూ, మీకు ముందుగా చెప్పటం ధర్మమండీ. మన బ్రాంచి మీద పైనుంచి రిపోర్టు అడిగారు."

"దేనికండీ? దొంగ లెక్కలేవన్నా పడ్డయ్యా?"

"అబ్బే, అదేం కాదు. ఇదివరకు పల్లెల్లో బ్రాంచి పెట్టాలి, పెట్టాక ఉంచాలి అని పట్టు పట్టేవాళ్ళు. ఇప్పుడా పట్టు వదిలేశారు. గిట్టుబాటు కాని బ్రాంచిని పక్కదాంట్లో కలిపేసుకోవచ్చు. వడ్డీలు కూడా చాలావరకు మా ఇష్టానికే వదిలేశారు. ఒక్కో ఉద్యోగి తలకి ఎంత వ్యాపారం అవుతోందో చూపించమంటున్నారండీ. చిలకలూరిపేటలో మా వాళ్ళు చేసేదాంట్లో ఇక్కడ పదోవంతు కూడా లేదు."

తలుపు పక్కనుంచి వెంకటరావమ్మ అడిగింది. "ఊళ్ళో ఒక్క నగ వేలానికి పోలేదు గదండీ? అందరూ కట్టి ఇడిపించుకుంటానే ఉన్నారుగా?"

"కడుతున్నారమ్మా. కట్టటం వేరు, పెరగటం వేరు. అక్కడ జిన్నింగు మిల్లులున్నాయి, స్పిన్నింగు మిల్లులున్నాయి. ఒక్క సేటు వేసే డిపాజిట్టు ఈ ఊరంతా కలిసి వెయ్యలేదు. ఇక్కడ వానొస్తే బస్సుండదు. మొన్న క్యాషు తెచ్చే జీపు రేగట్లో దిగబడితే ఎద్దుల్ని కట్టి లాగించాం, మర్చిపోయారా?"

మర్చిపోలేదు. నల్లరేగడి మిరపకు తల్లి, బండికి సవతితల్లి అని ఆ ఊరివాళ్ళే అనుకుంటారు.

యలమందయ్య మొహం పాలిపోయింది. "పోనీ, హైవే మీదికి వస్తే?"

"హైవే అయితే ఆలోచించొచ్చండీ. నాలుగు లైన్లు వేస్తారంటున్నారు. స్ట్రాంగ్ రూము ఉన్న బిల్డింగు అక్కడ దొరికితే పైకి గట్టిగా రాస్తాను."

ఆయన రాస్తానన్నాడు. యలమందయ్య మాత్రం మాట ఇచ్చేశాడనుకున్నాడు. ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళు ఊరికే అంటారా?

హైవే పక్కన వాళ్ళకున్నది ఒకటే. వెంకటరావమ్మకు పుట్టింటివారు పసుపుకుంకాల కింద రాసిచ్చిన రెండెకరాలు. మెరక రేగడి, నీరు నిలవదు. మిరపకు దేవుడిచ్చిన నేల. ఆ పొలం మీద వచ్చింది ఆడదాని చేతిడబ్బు, దానికి మొగుడు లెక్క అడగకూడదని ఆ ఇళ్ళల్లో ఆనవాయితీ. పిల్లలిద్దరి హాస్టలు ఫీజులూ, మరిది భార్య పురుడూ, ఇంటికి సిమెంటు గచ్చూ అన్నీ దాంట్లోంచే వచ్చాయి. యలమందయ్య లెక్క ఎప్పుడూ అడగలేదు. ఎప్పుడైనా అవసరపడి అడిగినా 'నీ దగ్గరుంటే సర్దు' అనేవాడే తప్ప 'తే' అన్నవాడు కాదు.

ఆ పొలంలో బోరు వేయించుకుందామని అంతకుముందు ఏడాదే ఆమె విశ్వనాథాన్ని అప్పడిగింది. "మీ పొలం ఉన్న ఊరు మా బ్రాంచికి రాసిచ్చిన ఊళ్ళల్లో లేదమ్మా. మా పరిధి కాదు. రూలొప్పుకోదు," అన్నాడు. రూలంటే రూలే కాబోలనుకుని ఊరుకుంది.

హైవే మాట వచ్చిన వారానికి యలమందయ్య అన్నం ముందు కూర్చుని విషయం కదిలించాడు.

"రోడ్డు మొహాన పది సెంట్లు ఉంచుకుందాం. అందులో బిల్డింగు లేపుదాం. మిగతాది పేరయ్య తీసుకుంటానన్నాడు. ఆ డబ్బు కట్టుబడికి సరిపోయిద్ది. బ్యాంకొచ్చిందంటే నెల తిరిగేసరికి అద్దె. పొలంలాగా వానకీ తెగులుకీ భయపడే పన్లేదు."

పేరయ్య చిలకలూరిపేట మనిషి. ఒకప్పుడు పత్తి విత్తనాల కొట్టు పెట్టి, తర్వాత స్థలాల వ్యాపారంలోకి దిగినవాడు.

"బ్యాంకోళ్ళ చేత కాయితం రాయించుకురా. సంతకం పెడతా," అంది వెంకటరావమ్మ.

"కాయితమా? ఇన్నేళ్ళు మనింటి మజ్జిగ తాగినోళ్ళని కాయితం అడగమంటావా? పండక్కొచ్చిన అల్లుణ్ణి పట్టుకుని, మళ్ళీ ఎప్పుడొస్తావో రాసియ్యమన్నట్టు ఉంటది!"

"అల్లుడు మన పొలం అమ్మించి మేడ కట్టమన్లేదుగా?"

కంచం తోసేసి లేచిపోయాడు. అది అతనికి అలవాటే, రెండు గంటల్లో ఆకలేసి తిరిగొస్తాడు. ఈసారి రాలేదు. సాయంత్రం చూస్తే అరుగుమీద, బ్యాంకు బోర్డు కింద, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె మంచినీళ్ళు పట్టుకెళ్తే తలెత్తకుండా అన్నాడు. "ఈ బోర్డు దిగిపోతే నన్నెవడు పలకరిస్తాడే ఈ ఊళ్ళో? మా నాయన సంపాదించిన పేరు నా చేతుల్లో పోతంది."

కోప్పడితే ఎదురు చెప్పేది. కొడితే పుట్టింటికి పోయేది. ఆ గొంతు విన్నాక, మార్టూరులో రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టొచ్చింది. పేరయ్య అక్కడే లడ్డూల పెట్టె విప్పాడు. "అక్కా, నీ చెయ్యి మంచి చెయ్యి. నువ్వు సంతకం పెట్టావంటే ఇక నాకు తిరుగులేదు," అన్నాడు. ఆమె లడ్డూ తీసుకుని కొంగున కట్టుకుంది, నోట్లో పెట్టుకోలేదు.

ఆ ఏడు ఆఖరి కోతకి ప్రేమమ్మ తన ముఠాని ట్రాక్టరెక్కించుకొచ్చింది. ప్రేమమ్మ ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో ఉంటుంది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే, మిగతా రోజుల్లో చేలో మాట ఎత్తుకునేదీ ఆమే. వెంకటరావమ్మతో పాతికేళ్ళ స్నేహం, గట్టుకి ఆ పక్కన ఒకరూ ఈ పక్కన ఒకరూ కూర్చుని చేసే స్నేహం.

"అయితే అమ్మగారా, పొలం పేరయ్యకి పోయినట్టేనా? ఏం పండిస్తాడంట?"

"రాళ్ళు."

"రాళ్ళకి ఎరువు ఖర్చుండదులే." కాయలు ఒళ్ళో పోసుకుంటూ ప్రేమమ్మ నవ్వింది. "బ్యాంకోళ్ళు తలకి ఎంత పని చేశారని లెక్కలేస్తన్నారంటగా? మేవు తలకి ఎన్ని కిలోలు కోశావని మీరు లెక్కేసినట్టు వాళ్ళకీ ఒక మేస్త్రీ ఉన్నాడన్నమాట. మంచిదే. తెలిసొచ్చిద్ది."

నవ్వబోయి వెంకటరావమ్మ ఆగిపోయింది. తక్కువ కోసిన ముసలమ్మని మర్నాడు ట్రాక్టరెక్కించుకోని సంగతి ఆమెకు తెలుసు. ఎక్కించుకోవద్దని చెప్పింది తనే.

బిల్డింగు లేచింది. హాలు, వెనక ఒక గది, పక్కన స్ట్రాంగ్ రూము. పాతింట్లో దానికన్నా గట్టిగా కట్టించాడు యలమందయ్య. గోడ పోస్తున్నన్నాళ్ళూ అక్కడే మంచం వేసుకుని పడుకున్నాడు. విశ్వనాథం ఒకసారి వచ్చి చూశాడు. గోడమీద వేళ్ళతో కొట్టి "బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడు. ఫొటోలు తీయించి పైకి పంపాడు కూడా. ఆయన మాట తప్పలేదు. రాస్తానన్నాడు, రాశాడు.

ఈలోగా నాలుగు లైన్ల రోడ్డు పని మొదలైంది. కంకర లారీలు, రోలర్లు, దుమ్ము. యలమందయ్య ఆ దుమ్ముని చూసి మురిసిపోయాడు. రోడ్డు వస్తే బ్యాంకు వస్తుందనుకున్నాడు. తీరా పైవాళ్ళు లెక్క వేసుకునేసరికి ఆ రోడ్డే అడ్డం తిరిగింది. ఇంత మంచి రోడ్డు పడ్డాక పేట ఎంత దూరమని? దగ్గరైపోయిన ఊరికి దారిలో ఇంకో బ్రాంచెందుకు? ఊళ్ళో బ్రాంచిని పేటలో కలిపేస్తున్నట్టు ఆర్డరు వచ్చింది. పేటలో కొత్త కాంప్లెక్సులో, ఏసీ హాల్లోకి మారుతున్నారు. ఎదురుగా ప్రైవేటు బ్యాంకు ఒకటి వచ్చిందట. టై కట్టుకున్న కుర్రాళ్ళు మిల్లుల చుట్టూ తిరుగుతున్నారట. వాళ్ళతో పోటీ పడాలంటే అక్కడే ఉండాలట.

ఇనపతలుపు ఊడదీసుకుపోయే రోజున మేస్త్రీలు పాతింటి గోడ సగం పగలగొట్టారు. విశ్వనాథం చేతులు జోడించి, "మీ ఇంటి రుణం తీర్చుకోలేనిదండీ," అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే. అందుకే వెంకటరావమ్మకు మరీ ఒళ్ళు మండింది. మోసగాడైతే కనీసం తిట్టుకోవచ్చు.

"కొత్త బిల్డింగు సంగతి ఏందండీ మరి?" యలమందయ్య అడిగాడు.

"నేను రాశానండీ. పైవాళ్ళు ఒప్పుకోలేదు."

"ఇంకోసారి రాయండి."

"రాస్తానండీ," అన్నాడు విశ్వనాథం.

ఆ తర్వాత రోజులు మారాయనటం తేలిక. మారినవి మెడలు. పేటకి పోవాలంటే రెండు బస్సులు, ఒకరోజు కూలి పోవటం. అక్కడ ఏసీ హాల్లో బంగారం అప్పుకి వచ్చినవాళ్ళని మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. ప్రేమమ్మ రెండుసార్లు వెళ్ళి, మూడోసారి బస్టాండు దగ్గర వడ్డీకొట్టులో తన నానుతాడు పెట్టేసింది. అక్కడ కూర్చోబెట్టరు, కూల్‌డ్రింకు కూడా ఇస్తారు. ఏడాది తిరగకుండానే నానుతాడు వేలానికి పోయింది. అట్లా పోయినవి ఆ ఊళ్ళో చాలానే ఉన్నాయి. ఇప్పుడు ఎండాకాలం పెళ్ళిళ్ళలో కూడా గిల్టు గొలుసులే. మెడ చూసి నెల చెప్పటం ఇక ఎవరివల్లా కాదు.

పాతింటి గోడకి టార్పాలిన్ కట్టారు. హైవే మీద బిల్డింగు ఖాళీగా పడి ఉంది. ఊరి పక్కనున్న తమ సొంత చేలో కాయని ఒక ఏడు ధర లేక, ధర వచ్చేదాకా స్ట్రాంగ్ రూములో దాచుదామన్నాడు యలమందయ్య. దొంగల భయం లేదు, వాన భయం లేదు. టిక్కీ బస్తాలన్నీ తెచ్చి సర్ది తాళం వేశాడు. గాలి ఆడని గది. చువ్వల గోడలు లోపలి ఉక్కని లోపలే బిగబట్టాయి. తలుపు తీసేనాటికి కాయ బూజు పట్టి, ఎరుపు పోయి తాలుకాయ అయింది. తట్టల్లో బయటికి మోస్తూ ప్రేమమ్మ తుమ్మీ తుమ్మీ కళ్ళు తుడుచుకుంది.

"అయ్యగారా, బంగారం పెట్టే కొట్లో మిరక్కాయ పెడితే అదెట్టా బతికిద్ది? దానికి ఊపిరాడొద్దూ?"

"నోర్మూసుకుని మొయ్యవే," అన్నాడు యలమందయ్య. అన్నాడే గానీ ఆ మాటలో పస లేదు. ఆ నష్టానికి గేదెలు రెండింటినీ పర్చూరు బేరగాడు తోలుకుపోయాడు.

ఇక పేరయ్య సంగతి. పొలం కొన్న రోజునుంచీ అతను 'బ్యాంకు పక్కనే స్థలం' అని చెప్పి నాలుగైదు చేతులు మార్చాడు. బ్యాంకు రాలేదు, ధర మాత్రం వచ్చి కూర్చుంది. రోడ్డు పూర్తయ్యాక పేట మిల్లుల వాళ్ళూ, మార్టూరు గ్రానైటు వాళ్ళూ చేతిలో డబ్బు ఎక్కడ పొయ్యాలో తెలియక స్థలాల మీద పడ్డారు. పేరయ్య ఆ పొలాన్ని మళ్ళీ తనే చేతికి తెచ్చుకుని, పైన నల్లమట్టి గీరించి ఇటుకబట్టీకి అమ్ముకుని, గ్రావెల్ తోలించాడు. ప్లాట్లు కోశాడు. ఆఫీసుకని యలమందయ్య బిల్డింగు అద్దెకడిగాడు. ఆరేళ్ళుగా ఖాళీగా ఉన్నదానికి వచ్చిన మొదటి అద్దె అది. యలమందయ్య కాదనలేదు.

రెండువేల ఆరు మాఘమాసంలో బిల్డింగు ముందు షామియానా లేచింది. గోడకి పెద్ద బ్యానరు కట్టారు. బ్యానరు మీద బ్యాంకు పేరు. ఆ పేరు చూసి యలమందయ్య పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"చూశావా? వచ్చిందా లేదా బ్యాంకు?" అన్నాడు భార్యతో.

"ఒక్కరోజుకి వచ్చింది," అంది ఆమె. "పెళ్ళిపందిరికి వచ్చినట్టు."

ప్లాట్లు కొనేవాళ్ళకి అక్కడికక్కడే ఇంటి అప్పులు మంజూరు చేసే మేళా. విశ్వనాథం వచ్చాడు. ఇప్పుడు పేట బ్రాంచికి పెద్ద మేనేజరు. ఒళ్ళు చేశాడు, జుట్టు నెరిసింది. వెంకటరావమ్మని చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, బాగున్నారా? ఎన్నిచోట్ల తాగినా మీ మజ్జిగ రుచి ఎక్కడా రాలేదమ్మా. ఇవాళ ఇక్కడికి వస్తున్నానంటే ముందు అదే గుర్తొచ్చింది."

"గొడ్లని తోలేశామండీ. గొడ్లు లేనిదే పాలెక్కడివి, పాలు లేనిదే మజ్జిగ ఎక్కడిది?"

ఆయన తడబడి, "అయ్యో," అన్నాడు. ఆమె కదలలేదు.

"ఒక మాట అడగనా? ఇదే నేల మీద బోరు కోసం అప్పడిగితే మీ పరిధి కాదన్నారు. ఇప్పుడు దీనిమీద ఎవరు పడితే వాళ్ళకి ఇస్తన్నారు. ఇప్పుడెట్టా వచ్చిందండీ పరిధిలోకి?"

పక్కన పేరయ్య నవ్వాడు. "అక్క ఏదీ మర్చిపోదు సార్."

విశ్వనాథం నవ్వలేదు. "ఆ హద్దులన్నీ ఎత్తేశారమ్మా. ఎక్కడైనా ఇవ్వొచ్చు. పైగా..." చల్లగా, ఉన్నమాట చెప్పాడు. "అప్పుడది పొలమండీ. ఇప్పుడది ప్లాటు. పొలానికి వానొచ్చేదాకా మేం ఎదురుచూడాలి. ప్లాటుకి ఆ బాధ లేదు. మా మనుషులు ఇవాళ ఒక్కరోజులో చేసే వ్యాపారం, మీ ఊళ్ళో మేం ఏడాదంతా కూర్చుని చేసేవాళ్ళం కాదు."

ఆమె తలూపి పక్కకి వచ్చేసింది. ఆ మాటలో అబద్ధం ఎక్కడా లేదు. ఇరవైఏడేళ్ళు చెంబు అందించిన చేతికి అదే ఎక్కువ తగిలింది.

మధ్యాహ్నం భోజనాలవేళకి చిక్కొచ్చింది. కొనేవాళ్ళు బ్యాంకువాళ్ళ దగ్గర కట్టిన అడ్వాన్సు డబ్బు సంచినిండా పోగయింది. బ్యాంకు జీపు సాయంత్రానికి గానీ రాదు. షామియానా కింద జనం ఎక్కువ. సంచి ఎక్కడ పెట్టాలని విశ్వనాథం అటూ ఇటూ చూస్తుంటే యలమందయ్య ముందుకొచ్చాడు.

"స్ట్రాంగ్ రూముందిగదండీ! మీకోసం కట్టిందేగా! ఏమేవ్, తాళంచెవులు తే!"

బిల్డింగు అద్దెకిచ్చినా ఆ గది తాళం వెంకటరావమ్మ దగ్గరే ఉంది. బొడ్లోంచి చెవులు తీసింది. తలుపు తీసింది తనే. లోపల ఇంకా తాలుకాయ ఘాటు పోలేదు. గోడ పొడుగునా, నడుమెత్తున, పేరయ్య దింపించిన ప్లాట్ల హద్దురాళ్ళు పేర్చి ఉన్నాయి. మార్టూరునుంచి వచ్చిన గ్రానైటు తుండ్లు. ప్రతిదాని తలకీ పసుపు రంగు పూసి, మధ్యలో ఎర్రగా నంబరు వేశారు. ఆమె రెండెకరాలూ ఆ గదిలో నంబర్లుగా పేర్చి ఉన్నాయి.

విశ్వనాథం సంచిని ఆ రాళ్ళమీద పెట్టాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "చాలా మేలు చేశారండీ," అని భోజనానికి వెళ్ళాడు. యలమందయ్య తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు. చెవులు మొలతాడుకి కట్టుకుని తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. పాతింట్లో బ్యాంకు బంట్రోతు సరిగ్గా అట్లాగే నిలబడేవాడు. కాకపోతే అతనికి జీతం ఉండేది.

"రావయ్యా, రెండు మెతుకులు తిందువుగాని," అంది వెంకటరావమ్మ.

"నువ్వు పో. వాళ్ళ డబ్బు మన పూచీ," అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. ఆరేళ్ళల్లో అతన్ని ఇంత సంతోషంగా ఆమె చూడలేదు.

వెనకవైపు నీడలో హద్దురాళ్ళకి గుంటలు తీసే కూలీలు కూర్చుని ఉన్నారు. ప్రేమమ్మ ముఠా. కాయ కోతలు తగ్గి ఇప్పుడు ఈ పనికి వస్తున్నారు. చేతిలో గునపం పక్కన పెట్టి ప్రేమమ్మ విస్తరాకు ముందు పెట్టుకుంది. వెంకటరావమ్మ వెళ్ళి ఆమె పక్కనే గ్రావెల్ మీద కూలబడింది. కూర్చోవటానికి ఇప్పుడక్కడ గట్టు లేదు.

"నువ్వొక్కదానివే వచ్చావేంది? అయ్యగారు అన్నానికి రాడా?" ప్రేమమ్మ అడిగింది.

వెంకటరావమ్మ ఇంకో విస్తరాకు ముందుకి లాక్కుంది. నీళ్ళు చిలకరించి చేత్తో తుడిచింది.

"రాడు. బ్యాంకులో డ్యూటీలో ఉన్నాడు," అంది.